వలయు గాలమును

చేపను పట్టుట హింసయా, కాదా యను ప్రశ్న క్రొత్తది కాదు. అయితే ఆ ప్రశ్నను మనము జాలరినే యడుగుదుము గాని, వేడుకకై గాలము వేయువాని నడుగము. ఈ పక్షపాతమే నేటి మా విచారణకు విషయము.

మేముండు గరివిడికి సముద్రము కనబడదు. అయినను చింతపల్లి, కోనాడ వంటి తీరగ్రామముల జాలరులు పట్టిన చేపలు సంతలకు వచ్చును. బేరమాడి కొందుము, రుచి మెచ్చి తిందుము, పిమ్మట "జీవహింస వారి వృత్తి" యని వారిని చిన్నచూపు చూతుము. తినువానికి లేని పాపము పట్టువాని కెక్కడిది?

ఇక ద్వీపదేశమగు మారిషస్సును చూడుడు. 1834 మొదలు ఒప్పందపు కూలీలుగా భారతీయు లక్కడి చెరకుతోటలకు పోయిరి. వారిలో తెలుగువారును గలరు. వారి సంతతికి ఉగాది నేటికిని పండుగయే. ఆ దేశమున పగడపు దిబ్బల లోపలి నీట చేపలు పట్టి పొట్టపోసికొను బీదలొకవైపు; బ్లాక్ రివర్ తీరమునుండి యంత్రపు పడవల నద్దెకు గొని మార్లిన్ చేపను వేటాడు యాత్రికులు వేరొకవైపు.

ఆ మార్లిన్ మనకు పరాయిది కాదు. మన జాలరులు ఆ జాతినే కొమ్ముకోనమందురు. 2022 ఫిబ్రవరిలో విశాఖపట్టణపు తీరమున ఒక జాలరి ఆ చేప పొడిచి ప్రాణములు విడిచెను. అక్కడ దాని ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొన్నవాడు శూరుడు; ఇక్కడ దానిచే మరణించినవాడు పాపి! ఇది యేటి ధర్మము?

వేడుకకాడు పట్టిన చేపను మరల విడుచునుగదా, అది దయ కాదా యని కొందరందురు. కావచ్చును, కాని గాయపరచి విడుచుటకంటె గాయపరుపకుండుట గొప్ప దయ. యాత్రికుల ధనముచే పడవవారి కుటుంబములు బ్రతుకుచున్నవనుటయు సత్యమే. కావున ఆ వేడుకను నిషేధింపుడని మేము చెప్పము. జీవనమునకై చేయుపనికి నింద, వినోదమునకై చేయుపనికి గౌరవము తగదనియే మా మాట.

అవసరమునకు హద్దు కలదు. వేడుకకును పేరాసకును లేదు. చేపలు సంతానవృద్ధి నొందుటకై మన తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ దినముల లేమిని భరించువాడు జాలరియే. ఇక్కడ బ్రతుకు జరుగక ఎందరో గుజరాతునందలి వేరావలు రేవునకు వలసపోవుచున్నారు. అట్లు పోయి 2018లో పాకిస్థానువారికి చిక్కిన ఆంధ్ర జాలరులలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ నెలలన్నియు వారి యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగెనో విచారించినవారెందరు?

చదువరులారా! చేప తినుట మానుడని మేము కోరము. తినుచు, తెచ్చి పెట్టినవారిని హీనముగా చూచుట మానుడని కోరుచున్నాము. "ఒసే, ఎంతకిత్తువే?" యని చేపలమ్మువారిని గద్దించు నాలుక, వచ్చు సంతనాడు "అమ్మా, ఎంతకిత్తువు?" అనిన చాలును. సంస్కారము అంతమాత్రముననైనను ఆరంభము కావచ్చును.