ఈ పొగ ఎవరిది?

చలికాలం పొద్దున పాణ్యం పక్క తండాల నుంచి చూస్తే ఎర్రమల గుట్టలు మసకగా ఉంటాయి. మంచు అనుకుంటాం. ఎండెక్కినా విడవకపోతే పొగ అంటాం. పొగ అనగానే వేలెత్తి చూపేది ఎవరినో మనకు తెలుసు. చేలో పత్తికట్టె కాల్చిన రైతును, కట్టెల పొయ్యి ఊదే మన అమ్మను. ఎండాకాలమైతే నల్లమల చెంచులను. ఉపగ్రహం అడవిలో మంట ఎక్కడుందో చూపిస్తుంది, పెట్టినవాళ్లెవరో చూపించదు. ఆ అడవిలో మంటలు పాకకుండా ఆకులు ఊడ్చి బాటలు తీసే కూలీలలో చెంచులే ఉంటారు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మసక ఎక్కడిదో కనిపెట్టే పద్ధతులు ఉన్నాయి. గాలిని ఫిల్టర్ కాగితం గుండా లాగి, దానికి అంటిన దుమ్మును పరీక్షిస్తారు. కాల్షియం ఎక్కువుంటే రాతిపొడి, సిమెంటు వైపు చూస్తారు. పొటాషియం ఉంటే కట్టె, చెత్త కాలిన వైపు. బేతంచెర్ల నాపరాయి, బనగానపల్లె సున్నపురాయి ఉన్న మన సీమలో ఈ లెక్క తేలిక కాదు, మట్టిలోనే సున్నం ఉంది. గాలి ఏ దారిన వచ్చిందో కూడా వెనక్కి లెక్కకడతారు.

అన్నిటికన్నా మోసం చేసేది కంటికి కనిపించని పొగ. బొగ్గు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో పోతూ పోతూ సన్నని రేణువులవుతుంది. ఆ మసక గొట్టం దగ్గర కాక ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. 1999లో ఇండోఎక్స్ పరిశోధకులు మన ఉపఖండం మీది చలికాలపు మసక హిందూ మహాసముద్రం మీద కూడా పరుచుకుని ఉండటం చూశారు. అంత దూరం పోయేదానికి పాణ్యం ఒక లెక్కా? మనకు దక్షిణాన ముద్దనూరు దగ్గర 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. మన మసకలో దాని వాటా ఎంతో, ఉందో లేదో, కొలిస్తేనే తెలుస్తుంది. కొలవకుండా దాన్ని తిట్టడం కూడా అమ్మ పొయ్యిని తిట్టినట్టే.

సరే, వాటాలు తేలాయనుకుందాం. అప్పుడైనా న్యాయం తేలినట్టా? 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాతావరణం వేడెక్కడం గురించి రాస్తూ ఒక ప్రశ్న వేశారు. బతకడానికి వదిలే వాయువునూ సుఖానికి వదిలే వాయువునూ ఒకే తక్కెడలో వేయవచ్చా అని. మేము దానికి ఇంకొకటి కలుపుతాం. ఆపగలిగినవాడు ఎవడు? సల్ఫర్ తగ్గించే యంత్రాలు పెట్టమని థర్మల్ కేంద్రాలకు కేంద్రం 2015లో చెప్పింది. గడువులు జరుపుతూ వచ్చి, 2025లో చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చింది. గ్యాస్ బండ నింపించడానికి డబ్బుల్లేని ఇంటికి అలాంటి గడువు ఎవరిచ్చారు?

అలాగని ఈ మాట మనకు దాక్కునే చోటు కాకూడదు. మన పొయ్యి పొగ ముందు పోయేది ఊదే ఆడమనిషి ఊపిరితిత్తుల్లోకి, ఆమె ఒళ్లోని పసిబిడ్డలోకి. పేదరికం వల్ల వచ్చిన పొగ అని ఊపిరితిత్తులు ఊరుకోవు. పత్తికట్టె తగలబెట్టకుండా దున్నించుకోగలిగిన మనవాళ్లు కూడా తగలబెడుతున్నారు. తప్పు మనది కాదని చెప్పే హక్కు, మనది ఎంతో ఒప్పుకున్నాకే వస్తుంది.

ఇంకో చిక్కు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం పట్టణాలకే. ఆ జాబితాలో కర్నూలు ఉంది, తండా లేదు. యంత్రం లేనిచోట ఫిర్యాదుకు రుజువు ఉండదు, కానీ నింద మోపడానికి యంత్రం అక్కర్లేదు.

మన బడుల్లో ఒక నోటుపుస్తకం పెట్టవచ్చు. తేదీ, గాలి ఎటు నుంచి వీచింది, తొమ్మిది గంటలకు గుట్ట కనిపించిందా లేదా, ఆ రోజు చేలలో ఏం తగలబెట్టారు, రోడ్డు మీద సిమెంటు లారీలు ఎన్ని పోయాయి. మన ఇంటి పొయ్యి కూడా అందులో రాయాలి, మొదటి గడిలోనే.