బొమ్మకు ప్రాణం పోసేదెవరు?

ఏడో శతాబ్దం నాటి ముచ్చట. ప్రవక్త ముహమ్మద్ పినతండ్రి కొడుకు ఇబ్న్ అబ్బాస్ దగ్గరికి ఒక చిత్రకారుడు వచ్చాడు. చేతిపనితో పొట్టపోసుకునేవాణ్ని, ఈ బొమ్మలే నా బతుకుదెరువు, ఏం చేయమంటారని అడిగాడు. బొమ్మ గీసినవాణ్ని దేవుడు దానికి ప్రాణం పోయమని నిలదీస్తాడనీ, ఆ పని వాడి వల్ల ఎన్నటికీ కాదనీ ప్రవక్త నోట విన్న మాటను ఇబ్న్ అబ్బాస్ చెప్పాడు. వచ్చినవాడి ముఖం పాలిపోయింది. అది చూసి ఆయనే ఒక దారి చూపించాడు. వేయక తప్పదనుకుంటే చెట్లు వేసుకో, ప్రాణం లేనివి వేసుకో అన్నాడు.

ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన కథనాలే హదీసులు. బుఖారీ హదీసు సంకలనంలో ఈ సంఘటన క్రయవిక్రయాల అధ్యాయంలో కనిపిస్తుంది. అంటే చర్చ కళ మీద కాదు, సంపాదన మీద. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం వేసే బొమ్మకు పాపపుణ్యాల లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? తన కోసం తాను వేసుకునే బొమ్మ సంగతేమిటి? సౌదీ అరేబియాలో కుంచె పట్టినవాళ్లకు ఈ ప్రశ్నలు ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే వచ్చాయి.

ఖురాన్‌లో బొమ్మలు గీయవద్దన్న సూటి ఆజ్ఞ లేదు. పైగా సులైమాన్ ప్రవక్త కోసం జిన్నులు ప్రతిమలు చేసిపెట్టిన ప్రస్తావన ఉంది. కట్టడి వచ్చింది హదీసుల నుంచి. అక్కడ కూడా మాట ఒక్క తీరుగా లేదు. బొమ్మలున్న తెరను ప్రవక్త ఇష్టపడకపోతే ఆయన భార్య ఆయిషా దాన్ని కోసి దిండ్లు కుట్టారు. గోడ మీద గౌరవంగా వేలాడిన బొమ్మ తప్పయింది. ఆనుకుని కూర్చునే దిండు మీద అదే బొమ్మకు అభ్యంతరం రాలేదు. ఆమె ఆడుకున్న బొమ్మల ప్రస్తావన కూడా హదీసుల్లో ఉంది. విగ్రహారాధన మళ్లీ తలెత్తుతుందన్న భయం ఒకటి, సృష్టికర్తతో మనిషి పోటీకి దిగుతాడన్న అభ్యంతరం ఇంకొకటి ఈ కట్టడి వెనక ఉన్నాయి.

ఇదంతా తెలుగువాళ్లకు బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. గుడిలో విగ్రహ ప్రతిష్ఠకు ముందు నేత్రోన్మీలనం జరిగితే గానీ రాయి దేవుడు కాదు. వినాయక చవితి నాడు మట్టి బొమ్మకు ప్రాణప్రతిష్ఠ చేస్తాం, ఉద్వాసన చెప్పాకే నిమజ్జనానికి తీసుకెళ్తాం. బొమ్మలోకి ప్రాణం రావచ్చునన్న ఊహ రెండు చోట్లా ఉంది. మనం మంత్రంతో పిలుస్తాం. అక్కడ అలా పిలవడమే అపరాధం.

సౌదీ ఉలేమా, అంటే మతపండితులు, ఈ హదీసులను కఠినంగానే చదివారు. 1999లో చనిపోయే దాకా గ్రాండ్ ముఫ్తీగా ఉన్న ఇబ్న్ బాజ్, తప్పనిసరి అవసరానికి తప్ప ఫొటోను కూడా ఒప్పుకోలేదు. మరో పెద్ద పండితుడు ఇబ్న్ ఉథైమీన్ కాస్త సడలించాడు. కెమెరా ఉన్నదాన్ని పట్టుకుంటుందే గానీ చెయ్యి గీసినట్టు కొత్తగా రూపం కల్పించదని ఆయన వాదన. 1965లో టెలివిజన్ ప్రసారాలు మొదలైనప్పుడు ఒక రాకుమారుడే ముందుండి నిరసన నడిపాడు, పోలీసుల తూటాకు బలయ్యాడు. బడుల్లో పిల్లలు గీసిన మనిషి బొమ్మ మెడకు అడ్డంగా ఒక గీత గీయించడం చాలాకాలం సాగింది. తల వేరైతే ప్రాణం లేనట్టే కదా అన్నది లెక్క. వ్యాపార గుర్తులనూ ఈ లెక్క వదల్లేదు. 2000లో స్టార్‌బక్స్ సౌదీలో అడుగుపెట్టినప్పుడు దాని గుర్తులోని జలకన్య మాయమై, అలల మీద కిరీటం ఒక్కటే మిగిలింది. మరోపక్క రాజుగారి ముఖం రియాల్ నోట్ల మీద నిక్షేపంగా చలామణీ అవుతూనే ఉంది.

కట్టడి ఉన్నచోట చెయ్యి ఊరికే కూర్చోలేదు. నైరుతిన అసీర్ కొండల్లో ఆడవాళ్లు తరతరాలుగా ఇంటి లోపలి గోడలకు రంగులు వేస్తున్నారు. త్రికోణాలు, చదరాలు, గళ్లు, గీతలు. మనిషి గానీ జంతువు గానీ కనిపించవు. ఇంటావిడ చుట్టపక్కాల ఆడవాళ్లను పిలుచుకుని అతిథులు కూర్చునే గది గోడలు అలంకరిస్తుంది. ఈ అల్ ఖత్ అల్ అసీరీని యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. జెద్దాలో 1970ల నుంచి మేయర్ ముహమ్మద్ సయీద్ ఫార్సీ ఇంకో దారి పట్టాడు. హెన్రీ మూర్, మిరో, కాల్డర్ వంటి మహామహుల శిల్పాలు తెప్పించి సముద్రతీరం వెంట నిలబెట్టాడు. ఎంచుకున్నవి ఎక్కువగా నైరూప్య శిల్పాలే.

చిత్రకారిణి సఫియా బిన్‌జగర్ మాత్రం మనుషులనే ఎంచుకుంది. 1940లో జెద్దాలో పుట్టిన ఆమె, 1968లో తన ఊళ్లోనే ఒక ఆడపిల్లల బడిలో మరో చిత్రకారిణి మునీరా మోస్లీతో కలిసి చిత్రాల ప్రదర్శన పెట్టింది. జెద్దా ఉన్న పశ్చిమ ప్రాంతం హిజాజ్‌లోని పెళ్లిళ్లు, ఆటలు, దుస్తులు, ఇంటి పనులు ఆమె కాన్వాసు మీదికి ఎక్కాయి. సంప్రదాయ దుస్తుల్లో ఉన్న స్త్రీని చూపే ‘జబూన్’ అనే 1969 నాటి చిత్రానికి హిజాజ్ మోనాలిసా అన్న పేరు స్థిరపడింది. చమురు డబ్బుతో ఊళ్లు రూపు మార్చుకుంటుంటే, కనుమరుగయ్యే బతుకును దాచిపెట్టడమే ఆమె పని. తన చిత్రాల కోసం జెద్దాలో సొంతంగా మ్యూజియం కట్టుకుంది. 2024లో ఆమె కన్నుమూసింది. ప్రాణం పోయడానికీ, పోతున్నదాన్ని గుర్తుపెట్టుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఆమె చిత్రాల ముందు నిలబడితే తెలిసిపోతుంది.

1979లో పుట్టిన సౌదీ చిత్రకారుడు అహ్మద్ మాటర్ డాక్టరుగా శిక్షణ పొందినవాడు. ‘ఇల్యూమినేషన్స్’ చిత్రాల్లో ఎక్స్‌రే తీసిన మానవ దేహాన్ని పాత రాతప్రతుల పుటల్లా అలంకరించిన అంచుల మధ్య పెట్టాడు. మనిషి ఉన్నాడు, ముఖం లేదు. ‘మాగ్నెటిజం’లో నల్లటి అయస్కాంతపు ఘనం చుట్టూ ఇనుప రజను వలయాలు కడుతుంది. చూసిన ప్రతివాడికీ కాబా, దాని చుట్టూ తిరిగే యాత్రికులు తలపుకొస్తారు, అక్కడ ఒక్క మనిషి బొమ్మ కూడా లేకపోయినా. 2012లో బ్రిటిష్ మ్యూజియం హజ్ ప్రదర్శనలో దీన్ని చూపించారు. పోలిక గీయకుండానే భక్తిని చూపించవచ్చని ఒక ముస్లిం చిత్రకారుడు తన పద్ధతిలో రుజువు చేశాడు.

ఇప్పుడు గాలి మారింది. 2018లో సంస్కృతికి ప్రత్యేకంగా మంత్రిత్వ శాఖ ఏర్పడింది. బియనాలేలు వచ్చాయి, ఎడారిలో కళాప్రదర్శనలు వచ్చాయి. మక్కా మీదికి ఏనుగుతో దండెత్తిన అబ్రహా కథను సౌదీ సంస్థ మాంగా ప్రొడక్షన్స్, జపాన్‌కు చెందిన టోయీ యానిమేషన్‌తో కలిసి 2021లో ‘ది జర్నీ’ అనే యానిమేషన్ సినిమాగా తీసింది. మక్కాను కాపాడిన మనుషులు తెర మీద కదులుతారు, మాట్లాడతారు. ఒకప్పుడు బడి పుస్తకంలో మెడ తెగిన బొమ్మకు ఇంతకన్నా పెద్ద విడుదల ఉండదు.

అయితే బొమ్మ వేయించుకునేవాడు మారగానే తప్పు కూడా మారింది. మహమ్మద్ అల్ హజ్జా అనే కార్టూనిస్టును 2018లో అరెస్టు చేశారు. ఖతర్ పత్రికకు వేసిన బొమ్మలూ, పాలకులను కించపరిచాడన్న ఆరోపణా ఆ కేసుకు మూలం. మొదట ఆరేళ్ల శిక్ష పడిందనీ, దాన్ని తర్వాత 23 ఏళ్లకు పెంచారనీ 2024లో కుటుంబమూ హక్కుల సంస్థలూ బయటపెట్టాయి. ప్రాణమున్నదాన్ని గీశాడని ఎవరూ అనలేదు. ఎవరి మీద గీశాడు, ఎవరి కోసం గీశాడు అన్నదే పట్టింపు అయింది.

హదీసు చెప్పిన విచారణ దేవుడి ముందు జరిగేది. ఆ న్యాయాసనం మీద మేష్టరు, సెన్సారు, కోర్టు వంతులవారీగా కూర్చోవడం మనుషులు చేసిన ఏర్పాటు. సృష్టికర్తతో పోటీపడవద్దన్న హెచ్చరిక గీసేవాడికి వర్తించినట్టే, తీర్పు చెప్పేవాడికీ వర్తించాలి. కళలకు కోట్లు ఖర్చుపెడుతున్న సౌదీ ప్రభుత్వం ముందుగా అల్ హజ్జాను విడిచిపెట్టాలి.