తిరిగి రాని ఎనిమిదో స్కంధం



గత వారం వీడియోలో గజేంద్ర మోక్షం చెప్పుకున్నాం కదా. ఆ స్క్రిప్టు రాయడానికి పోతన భాగవతం ఎనిమిదో స్కంధం కావాల్సి వచ్చింది. మా ఇంట్లో భాగవతం సెట్టు ఉంది, కానీ సరిగ్గా ఆ సంపుటమే లేదు. చివరికి ఫోన్‌లో చూసి రాశాను. పద్యాలు అవే, ఒక్క అక్షరం తేడా లేదు. అయినా ఏదో వెలితి. దాని గురించే ఈ పోస్టు.

ఆ సెట్టు జంగారెడ్డిగూడెంలో మా అమ్మమ్మ గారింట్లో, దేవుడి గూట్లో ఉంటుంది. తాతయ్య రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఒక్కో సంపుటం కొనుక్కొచ్చేవారట. చదువుతూ మార్జిన్‌లో పెన్సిల్‌తో అర్థాలు రాసుకునేవారు. కొన్ని చోట్ల అర్థం కూడా ఉండదు, "ఆహా" అని ఒక్క మాటే ఉంటుంది. ఆయన పోయాక ఎవరడిగినా అమ్మమ్మ ఆ పుస్తకాలు ఇచ్చేది. అన్నీ తిరిగొచ్చాయి, గజేంద్రుడూ వామనుడూ ఉన్న సంపుటం తప్ప.

అది ఎవరింట్లో ఉందో మాకు తెలుసు. రెండు వీధుల అవతలే. ఇంజనీరింగ్ సెలవులకి వెళ్ళినప్పుడు ఒకసారి నాకు కోపమొచ్చి, నేనెళ్ళి తెచ్చేస్తానన్నాను. అమ్మమ్మ పప్పులో రాళ్ళేరుతూ, తల కూడా ఎత్తకుండా అంది: "పోనీలేరా నాన్నా. వాళ్ళ కోడలు రోజూ సాయంత్రం చదువుతోందంట. చదవకుండా బీరువాలో పెట్టుకుంటే నేనే వెళ్ళి అడిగేదాన్ని."

అప్పుడు నాకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. అచ్చుపుస్తకం ఇంకోటి కొనుక్కోవచ్చు, తాతయ్య చేతిరాత ఎక్కడ దొరుకుతుంది?

పుస్తకం ఇవ్వడం దానమా, అప్పా? అప్పయితే అడగడం మన హక్కు. దానమయితే "నాది కాదు" అనుకున్నాకే చెయ్యి చాపాలి. మన పెద్దలు ఈ విషయంలో రెండు మాటలూ చెప్పారు. పురాణాలు విద్యాదానాన్ని చాలా పెద్ద దానంగా చెప్పాయి. అందులో గ్రంథం రాయించి ఇవ్వడం కూడా ఉంది. తాటాకు మీద గంటంతో ఒక్కో అక్షరం గీకే రోజుల్లో అదేమీ చిన్న విషయం కాదు. ఇంకో పక్క, పుస్తకం పరాయి చేతికి పోతే పోయినట్టే అని హెచ్చరించే శ్లోకమూ మనదే. వ్రాయసగాళ్ళు ప్రతి చివర రాసుకునే మాట ఒకటుంది. నూనె నుంచీ నీటి నుంచీ వదులు కట్టు నుంచీ నన్ను కాపాడు, మూర్ఖుడి చేతిలో పెట్టకు అని పుస్తకమే వేడుకుంటున్నట్టు రాస్తారు. పాపం, ఎన్ని ప్రతులు పోగొట్టుకుని ఆ మాట రాశారో!

కానీ దాచుకున్నంత మాత్రాన పుస్తకం దక్కుతుందా? పోతన గారి భాగవతం సంగతే చూడండి. ఆయన రాసినదంతా మనకి దక్కలేదు. చెదలు తిన్నాయని కొందరు, రాజు పాతిపెట్టించాడని కొందరు కథ చెబుతారు. ఏది నిజమైనా, శిథిలమైన భాగాలను తర్వాత ఇతరులు పూరించారు. ఐదో స్కంధం గంగన, ఆరు సింగన, చివరి రెండూ నారయ. చెదల కథా పాతిపెట్టిన కథా రెండూ పుస్తకం మూసి ఉన్న కథలే కావడం నాకు వింతగా ఉంటుంది. చదివేవాళ్ళ వల్ల పోయిందని మాత్రం ఏ కథా చెప్పదు.

వాల్మీకి రామాయణం బాలకాండలో ఇంకా బావుంటుంది. కావ్యం పూర్తయ్యాక మహర్షికి వచ్చిన ఆలోచన, దీన్ని ఎవరు ప్రచారం చేస్తారు అని. సరిగ్గా అప్పుడే కుశలవులు వచ్చి ఆయన పాదాలు పట్టుకుంటారు. రాసిన వెంటనే ఎక్కడ భద్రంగా దాచాలి అని ఆయన అనుకోలేదు.

మరి మనం? పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం. దసరాల్లో మూలా నక్షత్రం రోజు సరస్వతీ దేవి ముందు పెట్టి పసుపు కుంకుమ వేస్తాం. మంచి అలవాట్లే, నేనూ చేస్తాను. కాకపోతే నా ఫ్లాట్‌లో అరల నిండా ఉన్న పుస్తకాల్లో సగం ఇప్పటికీ తెరవలేదు. అమ్మమ్మ లెక్కలో ఎవరైనా వచ్చి అడగాల్సింది నన్నే.

మన గోదావరి జిల్లాల్లోనే పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఈ దానమా అప్పా గొడవని ఇంకోలా చూశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడడం వెనక ఉన్న మనిషి ఆయన. గ్రంథాలయ పితామహుడు అని ఊరికే అనలేదు. గ్రంథాలయంలో పుస్తకం ఎవరిదీ కాదు, కాబట్టి అందరిదీ. తీసుకున్న తేదీ రిజిస్టర్‌లో రాస్తారు, ఎందుకంటే తర్వాతివాడు ఎదురుచూస్తున్నాడు. గడువు ఉన్నది ఇచ్చినవాడి కోసం కాదు, రాబోయేవాడి కోసం. 1935లో పాటూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయమే నడిచింది. పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ గట్టున ఉన్న ఊళ్ళకి తీసుకెళ్ళేవారు. పాఠకుడు రాకపోతే పుస్తకమే వెళ్ళింది! మాది మెట్ట ప్రాంతం, మా ఊరికి అలాంటి పడవ రాదు. ఆ పని మా అమ్మమ్మ చేసింది, రిజిస్టర్ లేకుండా. రిజిస్టర్ ఉంటే బావుండేదని నా బాధ.

ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నాడు. ఒకరోజు నా దగ్గర ఉషశ్రీ గారి భారతం చూసి, "అన్నా, ఒకసారి ఇస్తారా?" అన్నాడు. "పీడీఎఫ్ పంపిస్తా తమ్ముడూ" అన్నాను. వెంటనే పంపించాను కూడా. ఏదో ఉపకారం చేసినట్టు ఫీలయ్యాను.

తర్వాత ఆలోచిస్తే అందులో నేను ఇచ్చిందేమీ లేదు. నా అరలో పుస్తకం కదల్లేదు. ఏదైనా నష్టం ఉంటే అది ఆ పుస్తకం రాసినవాళ్ళ కుటుంబానికి, అచ్చు వేసినవాళ్ళకి. వాళ్ళ సొమ్ముతో నేను దాత అయ్యాను. పోతన భాగవతం ఫోన్‌లో చదవడం వేరు, అది ఎప్పుడో లోకానికి ఇచ్చేసిన సొత్తు. హక్కులున్న పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో తిప్పడం వేరు. మన భక్తి గ్రూపుల్లో ఇది ఎంత జరుగుతుందో మీకూ తెలుసు. "జ్ఞానం పంచితే తప్పేంటి" అంటారు. పంచండి, తప్పులేదు. మీ ప్రతి ఇవ్వండి, లేదా ఇంకోటి కొనివ్వండి. మన చేతిలోంచి ఏదీ పోకపోతే దాన్ని దానం అనడానికి నాకు నోరు రావడం లేదు.

మరుసటి ఆదివారం వెళ్ళి నా పుస్తకమే ఇచ్చి వచ్చాను. అందులో నా పెన్సిల్ గీతలున్నాయి, కర్ణుడి దగ్గర కాస్త ఎక్కువే. ఇచ్చేటప్పుడు "జాగ్రత్త" అని రెండుసార్లు అన్నాను.

మొన్న అమ్మమ్మకి ఫోన్ చేసి, ఆ కోడలు ఇంకా భాగవతం చదువుతోందా అని అడిగాను. ఇప్పుడు కళ్ళు కనబడక ఆవిడ కూతురు చదివి వినిపిస్తోందట. మధ్యలో ఎక్కడో "ఆహా" అని రాసి ఉంటే అది కూడా పైకి చదివేస్తుందట ఆ పిల్ల. చెబుతూ అమ్మమ్మ చాలాసేపు నవ్వింది.

నాలుగో అంతస్తు అబ్బాయి భారతం తీసుకుని రెండు నెలలైంది. లిఫ్టులో కనిపిస్తూనే ఉంటాడు. పుస్తకం ఎప్పుడిస్తావు అని కాకుండా, ఏ పర్వం దాకా వచ్చావు అని అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. ఈలోగా మా ఫ్లోర్ వచ్చేస్తుంది.