యువ వైద్యునికి హితవు

నాయనా, తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో రేపు నీవు ఆసుపత్రి తెరుస్తావు. చల్లని ప్లాస్మా యంత్రం అమ్మేవాడు ఏదో ఒకనాడు నీ గుమ్మం ఎక్కుతాడు. దాని మొనన వెలిగే ఊదా కాంతికి రోగి మురిసిపోతాడు. నీకు ఆ మురిపెం తగదు.

ఆ యంత్రం వాయువులోకి విద్యుత్తును పంపుతుంది. ఎలక్ట్రాన్లు మహావేగం అందుకుంటాయి గాని బరువైన కణాలు వేడెక్కవు. అందుకే వేలు పెట్టినా కాలదు. అందులో పుట్టే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ కణాలు వైరస్ పైపొరను, జన్యుపదార్థాన్ని ఛిద్రం చేస్తాయి. 2020లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు లోహం, తోలు, ప్లాస్టిక్ మీది కరోనా వైరస్‌ను మూడు నిమిషాల్లోపే నిర్వీర్యం చేశారు. జర్మనీలో మానని పుండ్లకు ఈ యంత్రాలు వాడుతున్నారు. ఇవి నిజాలే, కాదనకు. అయితే తోలు ముక్కకు నరాలు లేవు.

అక్కి సంగతి తలచుకో. నడుము చుట్టూ అక్కి లేస్తే జాజుతో బొమ్మ రాయించుకునేవారు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. వారిని చూసి నవ్వకు. చిన్ననాటి ఆటలమ్మ తగ్గాక నరాల ముడుల్లో దాగిన వైరస్సే ఏళ్ల తరువాత అక్కిగా లేస్తుంది. జాజు చర్మం మీదే ఆగుతుంది. ఈ ప్లాస్మా కాంతీ ఆ ముడిదాకా పోదు. నిరూపణ లేని కాంతికి రుసుము పుచ్చుకుంటే జాజు రాసేవాడే నీకన్నా మేలు. అతడు నమ్మి రాస్తాడు.

నిరూపణ లేని చికిత్సకు ప్లాస్మా పేరుతోనే మరో పాఠం ఉంది. కరోనా నుంచి కోలుకున్నవారి రక్తపు ప్లాస్మా (అది వేరే పదార్థం) కోసం 2020లో జనం దాతల వెంట పరుగులు తీశారు. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మందిపై పరీక్షించి, వ్యాధి ముదరడాన్ని గాని మరణాన్ని గాని అది ఆపలేదని ఆ ఏడాది అక్టోబరులోనే ప్రకటించింది. అయినా దాన్ని చికిత్స మార్గదర్శకాల నుంచి తీసివేసింది 2021 మే నెలలో. తెలియక చేసిన చికిత్సను లోకం క్షమిస్తుంది. తెలిశాక కూడా చీటీ రాసిన చేతికి ఆ క్షమ ఎందుకు దక్కాలి?

కనుక అక్కి పొక్కులు లేచిన 72 గంటల్లోపు వచ్చినవారికి ముందు ఎసైక్లోవిర్ వంటి మందు రాయి. నుదుటన, కంటి దగ్గర లేస్తే ఆ రోజే కంటి వైద్యుని వద్దకు పంపు. చల్లని ప్లాస్మాను పరీక్షించదలచితే ఎథిక్స్ కమిటీ అనుమతితో, రోగికి అన్నీ విప్పి చెప్పి, సమ్మతి సంతకం తీసుకుని పరీక్షించు. అందుకు రోగిని ఒక్క రూపాయి అడగకు.