పెరటి వైపు పని

సంక్రాంతికి మా అక్క కూతురు బెంగుళూరు నుంచి సాలూరు వచ్చింది. ఏం ఉద్యోగమే అంటే, "బ్యాకెండ్ ఇంజనీర్ని పిన్నీ" అంది. అంటే వీధి వైపు కాదు, పెరటి వైపు పనన్నమాట! నవ్వేశాను. నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది.

వాళ్ళది చిన్న కంపెనీ. కాళ్ళు చచ్చుబడినవాళ్ళు తొడుక్కుని నడిచే యంత్రాలు చేస్తారు. నడుముకీ తొడలకీ పట్టీలతో బిగించుకుంటే, మోటార్లు తుంటినీ మోకాలినీ కదుపుతాయి. 'మయూరి'లో సుధాచంద్రన్ జైపూర్ కాలితో నాట్యం చేస్తుంటే కళ్ళొత్తుకున్నవాళ్ళం మనం. ఆ కాలికి మోటారూ లేదు, కంప్యూటరూ లేదు. ఇప్పుడివి రెండూ వచ్చాయి. ఇలాంటి తొడుగుల్లో ఒకటైన రీవాక్‌ని ఇంట్లో వాడుకోవడానికి అమెరికాలో 2014లో అనుమతిచ్చారు.

అడుగు ఎప్పుడు వెయ్యాలో యంత్రంలోని చిన్న కంప్యూటరే అక్కడికక్కడ తేల్చుకుంటుందిట. కానీ అడుగు ఎంత పొడుగు, మోకాలు ఎంత వంగాలి, మోటారు ఎంత బలం పెట్టాలి అన్నవి మనిషి మనిషికీ వేరు. ఫిజియోథెరపిస్టు నిర్ణయించిన ఆ కొలతల్ని సర్వర్లో భద్రపరిచి, సరిగ్గా ఆ మనిషి యంత్రానికే చేర్చడం మా పిల్ల పని.

కొత్త కొలతలు పంపుతుండగా నెట్ తెగిపోతే సగం కొత్తవీ సగం పాతవీ ఉండిపోయే లోపం ఒకటి దాని కంటపడింది. "ఎప్పుడో గానీ జరగదు, తర్వాత చూద్దాం" అన్నాడట పై ఆయన. ఇది ఒప్పుకోలేదు. చివాట్లు తింది. రెండు రాత్రులు మేలుకుని, అన్నీ చేరితేనే మారేలా, లేదంటే పాతవే ఉండేలా సరిచేసింది.

"ఎందుకే నీకీ తంటా? ఆ నడిచేవాడికి నీ పేరైనా తెలుసా?" అన్నాను.

అది నా వంక అదోలా చూసి, "పడితే పడేది ఆయన కదా పిన్నీ" అంది.

మర్నాడు ఇద్దరం లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కనుంచి వెళ్తున్నాం. సాలూరులో వాటికేం కొదవ! ఒక లారీ ముందు భాగానికి పువ్వులు వేస్తుంటే నలుగురు నిలబడి చూస్తున్నారు. ముసలి మేస్త్రీ మాత్రం ఇంకో లారీ కింద వెల్లకిలా పడుకుని, ఛాసిస్‌కి బాడీని పట్టి ఉంచే యూ బోల్టుల్ని మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఎన్నిసార్లు బిగిస్తావయ్యా?" అన్నాను.

"సుంకి ఘాటీలో ఇది వదులైతే డ్రైవరుబాబు ఏటైపోతాడమ్మా?" అన్నాడు.

మా పిల్ల నా వంక చూడలేదు. అదే నయం.

ఎవరూ చూడని చోట నిజాయితీగా ఎందుకుండాలి? దేవుడు చూస్తాడని మా అమ్మ అనేది. వీళ్ళిద్దరూ దేవుణ్ణి తలుచుకోలేదు. తామెన్నడూ చూడని మనిషిని తలుచుకున్నారు.

అయితే ఇంకో మాట కూడా ఉంది. కనిపించని పని గొప్పదని పొగిడి, చేసేవాళ్ళని కనిపించకుండానే ఉంచెయ్యడం మనకి బాగా అలవాటు. వంటింటి వాళ్ళం, మనకది ఒకరు చెప్పాలా? ఎవరూ చూడకపోయినా సరిగ్గా చెయ్యడం వాళ్ళ ధర్మం కావచ్చు. చూడకుండా దాటిపోవడం మాత్రం మన తప్పే.

మేస్త్రీని పేరడిగాను. పదేళ్ళుగా ఆ దారినే నడుస్తున్నాను. అడగడం అదే మొదలు.