అన్న పెరగడా?

జూన్ మొదటి ఆదివారం సికిందరాబాద్ జనరల్ బజార్‌లో కాలు పెట్టే సందుండదు. తల్లుల ఒక చేతిలో బడివాళ్ళిచ్చిన చీటీ, ఇంకో చేతిలో పిల్ల చెయ్యి. నేనూ అలాగే మూడో తరగతికి వెళ్ళే కొడుకునీ, ఒకటో తరగతిలో చేరబోయే కూతుర్నీ వెంటబెట్టుకుని యూనిఫాంల దుకాణంలో నిలబడ్డాను.

"ఎవరికి మేడమ్, బాబుకా పాపకా?" కౌంటర్ వెనకున్న అమ్మాయి మొదటి ప్రశ్న అది. తరగతి, కొలతలు ఆ తర్వాతే. పిల్లలందరూ ఒక్కటేనని చూపించడానికి యూనిఫాం అంటారు. ఆ ఒక్కటి కౌంటర్ దగ్గరే రెండయింది. రంగు అదే, గళ్ళు అవే. వాడికి రెండు జేబుల నిక్కరు. దానికి జేబు లేని స్కర్టు.

కొడుకు పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నడుముకి సరిపోయిందా లేదా, అంతే. కూతురి దగ్గరికొచ్చేసరికి నా చూపు నడుము దాటి మోకాళ్ళ దగ్గర ఆగింది.

"ఇది పొట్టిగా ఉందమ్మా, పొడుగుది చూపించు."

"ఈ వయసుకి ఇదే కరెక్ట్ మేడమ్. లోపల షార్ట్స్ వేస్తే సరిపోతుంది."

"ఎదిగే పిల్ల. రెండేళ్ళన్నా రావాలి కదా."

రెండు సైజులు పెద్దది తీయించాను. మోకాలి కిందికి నాలుగంగుళాలు దిగింది. నా కూతురు అద్దంలో తనని చూసుకుంది, తర్వాత వాళ్ళన్న కాళ్ళవైపు చూసింది.

"అన్నది మోకాలి పైనే ఉందిగా?"

"నువ్వు పెరుగుతావు కదా బుజ్జీ."

"అన్న పెరగడా?"

కౌంటర్ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వి బిల్లు కట్టేశాను. జవాబు మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఎదుగుతుందన్న మాట అబద్ధం కాదు. కానీ నేను పెద్ద సైజు తీసుకున్నది అందుకు కాదు. డబ్బు ఆదా కోసమైతే కొడుకు నిక్కరూ పెద్దదే తీసుకునేదాన్ని.

మా అమ్మ కూడా ఇదే మాట అనేది. నా పరికిణీల అడుగున రెండు మడతలు లోపలికి కుట్టించేది. ఏడాదికొక మడత విప్పేది. విప్పిన చోట గుడ్డ కొత్తగా, ముదురు రంగులో మెరిసేది, పైన అంతా వెలిసిపోయి ఉండేది. తమ్ముడి నిక్కర్లూ వదులుగానే కుట్టించేది. అది నిజంగా లేమి, అందులో దాపరికం లేదు. ఎనిమిదో తరగతిలో మాత్రం నా నీలం లంగా మీదికి తెల్ల ఓణీ వచ్చింది. ఎందుకని అడిగితే "పెద్దదానివయ్యావు" అంది. తమ్ముడూ పెద్దవాడయ్యాడు, వాడికి మీసం వచ్చింది. పెరగడమంటే మగపిల్లాడికి ఎత్తు, ఆడపిల్లకి గుడ్డ అని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు స్త్రీవాదం చదివి, రాసి, నేను సాధించిందేమిటి? మా అమ్మ పదమూడో ఏట చెప్పిన మాట నేను నా కూతురికి ఆరో ఏటే చెప్పాను.

నాది భయం. పేపరు చదివే ఏ తల్లికి లేదు? 2012లో వచ్చిన పోక్సో చట్టం పిల్ల ఏం వేసుకుందని అడగదు. అయినా 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, బట్టల మీదుగా తాకితే ఆ చట్టం కింద లైంగిక దాడి కాదంది. ఆ నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి, చూడాల్సింది తాకినవాడి ఉద్దేశాన్ని అని చెప్పింది. అప్పుడు నేను ఎంతో సంతోషించాను. గుడ్డతో నేరాన్ని కొలవకూడదని వాదించిన నేనే దుకాణంలో గుడ్డతో భద్రతని కొలిచాను.

"ముందు పిల్ల క్షేమంగా ఉండాలి, సిద్ధాంతాలు తర్వాత" అంది ఈ సంగతి విన్న స్నేహితురాలు. ఆ మాటని తేలిగ్గా తోసెయ్యలేను. పిల్ల ఒంటి మీద నా సిద్ధాంతాన్ని పరీక్షకి పెట్టే హక్కు నాకు లేదు. కానీ నా భయాన్ని దాని ఒంటికి తొడిగే హక్కు మాత్రం ఎక్కడిది? పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళకి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అలాంటివాణ్ణి నాలుగంగుళాల గుడ్డ ఆపదు. అది ఆపేది పిల్ల పరుగుని. తప్పు ఎక్కడో తన కాళ్ళలోనే ఉందన్న అనుమానాన్ని కూడా నేర్పుతుంది. రేపు నిజంగా ఏమన్నా జరిగితే నాతో చెప్పనివ్వకుండా నోరు మూయించేది ఆ అనుమానమే.

కేరళలో వలయంచిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ ఒకటే యూనిఫాం పెట్టింది, మోకాలి దాకా వచ్చే నిక్కరు, చొక్కా. మంచి పనే. అయితే ఒకటి చెయ్యాలనుకున్నప్పుడు కూడా మగపిల్లల వైపుకే ఆడపిల్లల్ని జరుపుతాం. గౌను వైపుకి అబ్బాయిల్ని జరిపే ఊహ మనకి రాదు. అయినా ఆ పిల్లలకి పరుగు దక్కింది, అది చిన్న విషయం కాదు.

బడి తెరిచిన రెండో రోజు సాయంత్రం గేటు దగ్గర చూశాను. పిల్లలందరూ రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తుకొస్తున్నారు. నా కూతురు ఒక్క చేత్తోనే వస్తోంది. రెండో చేత్తో స్కర్టుని పైకెత్తి పట్టుకుంది.

ఇంటికెళ్ళి సూదీ దారం తీసుకుని, మా అమ్మ లాగే అడుగున మడత పెట్టి కుట్టడం మొదలుపెట్టాను. పక్కన కూర్చుని చూస్తూ "పొట్టిగా చేస్తున్నావా?" అనడిగింది.

"అవును. అన్న కూడా పెరుగుతాడు. నేనే ఏదో భయపడి పెద్దది కొన్నాను. తప్పు నాది."

"దేనికి భయం?"

ఈసారి నవ్వి తప్పించుకోలేదు. ఆరేళ్ళ పిల్లకి ఎంత చెప్పాలో తెలియక తడబడ్డాను. తన ఒళ్ళు తనదని, ఇష్టం లేకుండా ఎవరు తాకినా అరవచ్చని, నాతో చెప్తే ఎప్పటికీ తిట్టనని చెప్పాను. కొడుకునీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అదే చెప్పాను. వాడికి ఇంతవరకూ ఎందుకు చెప్పలేదో కూడా ఆలోచించాల్సిన విషయమే.

అంతా విని నా కూతురు అడిగింది: "మిగిలిన గుడ్డతో జేబు కుడతావా?"

మడిచిన గుడ్డని కత్తిరించాను.