చాంతిసిరి కోరిక

చరిత్రకారుడు భక్తి జోలికి పోవచ్చా? ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ లాంటి సదస్సుల్లో దానశాసనం మీద పత్రం చదివితే చాలు, ఈ ప్రశ్న రావలసిందే. పోవాలనే నా నమ్మకం. డిగ్రీ పిల్లలకు నాగార్జునకొండతోనే పాఠం మొదలుపెడతాను.

అక్కడి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, మహాసేనుణ్ణి కొలిచినవాడు. ఆయన తోడబుట్టిన చాంతిసిరి మాత్రం బుద్ధుడి మహాచైత్యానికి దానాలిచ్చింది. వీరపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనంలో తనకు నిర్వాణం, అల్లుడైన ఆ రాజుకు ఆయుష్షు, విజయం కోరుకుంది. ఒకే ఇంట్లో యాగం, చైత్యం! దీన్ని ‘మత సామరస్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఆ దారి ఎందుకు పట్టారన్న అసలు విషయం అక్కడే మూసుకుపోతుంది.

ఒక సదస్సులో తోటి అధ్యాపకురాలు మంచి పద్ధతి చెప్పారు: మతం పేరు చెప్పకుండా శాసన పాఠం పిల్లల చేతికిచ్చి, ఎవరు, ఎవరికోసం, ఏం కోరారో ముందు రాయించడం. అలా రాయించినప్పుడు మా తరగతిలో ఒకమ్మాయి అడిగింది, “ఆవిడకి నిర్వాణం దక్కిందా సార్?” అని. శాసనం కోరికకే సాక్ష్యం, ఫలానికి కాదని చెప్పాను. ఆ ప్రశ్నను మాత్రం బోర్డు మీద అలాగే ఉంచాను.